పాత కారుకి ఇంట్లోనే వేసుకున్న ఆక్సిజన్ సెన్సార్ ఎలా పనిచేస్తోందంటే

మాది 2014 మోడల్ పెట్రోల్ కారు. అమలాపురం చుట్టుపక్కలే ఎక్కువ తిరుగుతుంది. 2023 వేసవిలో దానికి డెన్సో యూనివర్సల్ ఆక్సిజన్ సెన్సార్ నేనే ఇంటి దగ్గర బిగించాను. సైలెన్సర్ పొగలో ఆక్సిజన్ ఎంతుందో బయటి గాలితో పోల్చి ఇంజన్‌కి చెప్పేది ఇదే, దాన్ని బట్టే ఇంజన్ పెట్రోల్ సర్దుకుంటుంది. ఇప్పటికీ అదే నడుస్తోంది. సరుకు మంచిది, పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. కాకపోతే మన కోనసీమ తేమలో అది ఎన్నాళ్లు నిలుస్తుందన్నది సెన్సార్ కంటే మనం వేసే జాయింట్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

అప్పట్లో చెక్ ఇంజన్ లైట్ వెలిగి, మైలేజీ లీటరుకి పన్నెండుకి పడిపోయింది. విచిత్రం ఏమిటంటే రాజమండ్రి వెళ్లొస్తే మైలేజీ పర్వాలేదు, ఊళ్లో బజారు పనులకి తిరిగితేనే పెట్రోల్ తాగేసేది. షెడ్డులో చూపిస్తే "ఇంజెక్టర్లు క్లీన్ చేయించాలండి, సెన్సార్ సెట్టు మొత్తం మార్చాలండి" అని పెద్ద లెక్క చెప్పారు. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు ఫోన్‌లో చూపించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే పీ0135 అని కోడ్ వచ్చింది. అంటే సెన్సార్ లోపలి హీటర్ సర్క్యూట్‌లో తేడా. ఫ్యూజు బాగానే ఉంది. మల్టీమీటర్‌తో హీటర్ వైర్ల మధ్య చూస్తే అసలు రీడింగే లేదు. లోపల తెగిపోయిందన్నమాట.

దాంతో మైలేజీ సంగతీ అర్థమైంది. ఈ సెన్సార్ దాదాపు 300 డిగ్రీల వేడెక్కితేగానీ సరిగ్గా పనిచేయదు. హీటర్ పోతే సైలెన్సర్ పొగ వేడితోనే ఎక్కాలి. దగ్గర తిరుగుళ్లలో ఆ వేడి అందదు, అందాకా ఇంజన్ అంచనా మీద ఎక్కువ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. కాబట్టి కోడ్ చూసి వెంటనే సెన్సార్ కొనేయకండి. ముందు ఫ్యూజు, వైరు, హీటర్ చూడండి.

కంపెనీ కనెక్టర్‌తో వచ్చేదాని ధరలో సగం లోపే నాకు యూనివర్సల్ దొరికింది. పాత కనెక్టర్‌ని కత్తిరించి కొత్త వైర్లకి కలుపుకోవాలి, తేడా అంతే. ఎలాగూ వైర్లు కోసేస్తాం కాబట్టి ప్రత్యేక సాకెట్ అక్కర్లేదు, మామూలు 22 రింగు స్పానర్ పైనుంచి దూరుతుంది. ఉప్పుగాలికి మరలు బాగా తుప్పు పట్టాయి. రాత్రి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, పొద్దున్న ఇంజన్ కాస్త వేడి చేసి తిప్పాను. మా బావ "ఊడదులే, మెకానిక్‌ని పిలుద్దాం" అంటుండగానే కిర్రుమని కదిలింది. కదలకపోతే మాత్రం బలవంతం చేయకండి, మర పాడైతే లేత్ షాపు ఖర్చు తప్పదు.

డెన్సోలో రెండు నల్ల వైర్లు హీటర్‌వి, నీలం సిగ్నల్, తెలుపు గ్రౌండ్. పాత సెన్సార్‌లో ఏ రంగు దేనికో ముందే సరిచూసుకోవాలి. ఇక్కడే అసలు జాగ్రత్త: టంకం వేయకూడదు, గ్రీజు కూరకూడదు. పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలి ఈ సెన్సార్‌కి వైర్ల లోపలి సందుల్లోంచే వెళుతుంది. ఆ దారి మూసుకుపోతే రీడింగు తప్పుతుంది. అందుకే నొక్కి బిగించే క్రింప్ జాయింట్లు వేసి, మీద వేడికి ముడుచుకుని పట్టేసే హీట్ ష్రింక్ గొట్టాలు తొడిగాను. నాలుగు జాయింట్లనీ ఒకేచోట రానివ్వకుండా ముందూ వెనకా చేసి, నీళ్లు తగలని ఎత్తులో, సైలెన్సర్ వేడికి దూరంగా కట్టాను. వానాకాలంలో కాలవగట్టు రోడ్ల మీద నీళ్లలోంచి వెళ్లినా ఇంతవరకూ కోడ్ తిరిగి రాలేదు.

మైలేజీ పదహారు దగ్గరకి వచ్చింది. స్కానర్ గ్రాఫులో సెన్సార్ సిగ్నల్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతోంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక దీని అవసరం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆ తేడాని కనిపెట్టి ఇంధనం సర్దించేది ఈ సెన్సారే. తెలిసినవాళ్లు పేరులేని చౌకరకం వేయించుకుంటే కొద్ది నెలల్లోనే లైటు మళ్లీ వెలిగింది, అందుకే అలాంటిది నేను ఎవరికీ చెప్పను.

పొగలోని విషవాయువులని తగ్గించే కన్వర్టర్ తర్వాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సార్‌ని నేను ముట్టుకోలేదు. దాని పని కన్వర్టర్‌ని కనిపెట్టుకుని ఉండటం. మైలేజీ కోసం రెండూ మార్చాలని ఎవరైనా అంటే, దాని కోడ్ చూపించమని అడగండి.