పెరటి కోళ్ల రక్తపారుడుకు ఆంప్రోలియం పొడి: వాడకందారు అభిప్రాయం

వానాకాలంలో గూటిలో పరిచిన ఊక తడిసి ముద్దయితే, మా నల్లగొండ పల్లెల్లో కోడిపిల్లలను ముందుగా పట్టుకొనేది రక్తపారుడే. మా దొడ్డిలో నెలన్నర పిల్లలు రెక్కలు వాల్చి, మూలన ముడుచుకొని, నెత్తురు కలిసిన రెట్ట వేయసాగినప్పుడు, పశువైద్యుని సలహాపై 20 శాతం ఆంప్రోలియం పొడిని లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున కలిపి తాగించాను. జబ్బుపడిన పిల్ల మేత ముట్టకపోయినా నీళ్లు తాగుతుంది కనుక, నీటిలో కరిగే ఈ మందు పెరటి పెంపకానికి ఎంతో అనుకూలం. వేరే నీళ్లు అందనీయకుండా, రోజూ కొత్తగా కలిపి పెట్టాలి. రెట్టలో నెత్తురు తగ్గి, పిల్లలు మళ్లీ గింజలు ఏరుకోవడం చూశాక నాకు నమ్మకం కుదిరింది.

రక్తపారుడుకు కారణమై పేగు గోడను దెబ్బతీసే పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేయడమే ఈ మందు పని. కాబట్టి అదే సమయంలో బి1 ఉన్న టానిక్ ఇస్తే మందు బలం తగ్గుతుంది. ఇంత ముఖ్యమైన హెచ్చరిక నేను కొన్న ప్యాకెట్‌పై తెలుగులో లేకపోవడం పెద్ద లోపం. కొలత చెంచా కూడా లేదు. పది పదిహేను కోళ్లున్న ఇంట్లో గ్రాము తూకం ఎలా తూస్తారు?

వైరస్ వల్ల వచ్చే కొక్కెర తెగులుకు (రాణిఖేత్ జబ్బుకు) మాత్రం ఇది పనిచేయదు. దానికి మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకాలే రక్షణ.