లైనక్స్ వేసి ఇచ్చే ల్యాప్‌టాప్ కొంటున్నారా? డ్రైవర్ ఎలా ఎక్కించారో ముందే అడగండి

"లైనక్స్ వేసి, గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కించి, డెస్క్‌టాప్ అందంగా సర్ది ఇస్తాం" అనే మాట నమ్మి కొనబోయే కొత్తవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. నేను తీసుకున్నది అలాంటిదే. ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం), ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు, కింద మెరిసే డాక్ (యాప్ గుర్తుల వరుస), అన్నీ చక్కగా ఉన్నాయి. మామూలుగా వచ్చే అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టాక మాత్రం తెరంతా నలుపు. పై మూలన కర్సర్ మినుకుమంటోంది, అంతే. లాగిన్ దాకా కూడా రాలేదు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే "అప్‌డేట్ ఎందుకు చేశారండీ, ఆపేసుకోవాల్సింది" అన్నాడు. దయచేసి ఈ సలహా పాటించకండి. సెక్యూరిటీ లోపాలకు మందు వచ్చేది ఆ అప్‌డేట్లలోనే.

అసలు తప్పు వేరే చోట ఉంది. ఆయన ఎన్‌విడియా సైట్లో దొరికే డాట్ రన్ (.run) ఫైల్‌తో డ్రైవర్ వేసేశాడు. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) మారినప్పుడల్లా డ్రైవర్‌ను దానికి తగ్గట్టు మళ్లీ తయారుచేసే డీకేఎంఎస్ కూడా పెట్టలేదు. డ్రైవర్లో కెర్నల్‌కు అతుక్కునే ముక్క, అంటే కెర్నల్ మాడ్యూల్, ఏ కెర్నల్ కోసం తయారైతే దానికే పనికొస్తుంది. అప్‌డేట్‌తో కెర్నల్ మారింది, మాడ్యూల్ మారలేదు. అదే ఉబుంటు సొంత ప్యాకేజీతో వేసి ఉంటే కొత్త కెర్నల్‌కు సరిపడే మాడ్యూల్ దానంతటదే వచ్చేది. చివరికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెర్మినల్‌లోకి వెళ్లి, ఆ డ్రైవర్ తీసేసి, ఉబుంటులోనే ఉండే 'అడిషనల్ డ్రైవర్స్'లో సిఫార్సు చేసినది ఎంచుకుంటే దారిన పడింది.

ఇంకోటి, సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణను) నాకు చెప్పకుండానే ఆపేసి ఇచ్చాడు. అది ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని మాడ్యూల్ లోడ్ కాదు. అందుకే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. దాన్ని చూసి కంగారుపడి దాటేయకండి. 'ఎన్‌రోల్ మాక్' (Enroll MOK, అంటే ఆ సంతకం తాళంచెవిని నమ్మమని చెప్పడం) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది.

ఇక అలంకరణ. ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్లు గ్నోమ్ వెర్షన్ మారితే పనిచేయకపోవచ్చు. 2023లో గ్నోమ్ 45 వచ్చినప్పుడు పాతవన్నీ తిరగరాయాల్సి వచ్చింది. థీమ్ అంటే ఉత్త రంగులే అనుకోకండి. 2024 మార్చిలో ప్లాస్మా అనే మరో లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఒక గ్లోబల్ థీమ్ వేసుకున్న వ్యక్తి ఫైళ్లన్నీ చెరిగిపోయాయి, జాగ్రత్తగా ఉండమని దాన్ని తయారుచేసే కేడీఈ వాళ్లే చెప్పాల్సి వచ్చింది. ఎవరో సర్దిపెట్టిన థీముల కన్నా ఖాళీ డెస్క్‌టాప్ తీసుకుని మీరే సర్దుకోవడం మంచిది.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ల ఎదుటే పూర్తి అప్‌డేట్ చేయించి, రీస్టార్ట్ చేసి చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరిస్తే గ్రాఫిక్స్ దగ్గర కార్డు పేరు ఉండాలి. 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని ఉందంటే బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోందని అర్థం. అడిషనల్ డ్రైవర్స్‌లో 'మాన్యువల్లీ ఇన్‌స్టాల్డ్ డ్రైవర్' అని కనబడితే నాకు జరిగినదే మీకూ జరగొచ్చు. పాత కార్డయితే ఇంకా చూసుకోండి: జీటీఎక్స్ 1050, 1060 లాంటి పాస్కల్ తరం ఎన్‌విడియా కార్డులకు 580 వరుస డ్రైవరే ఆఖరిది.

ఏఎండీ, ఇంటెల్ గ్రాఫిక్స్‌కైతే మామూలు వాడకానికి కావలసిన డ్రైవర్లు కెర్నల్‌లో, మెసాలో (లైనక్స్‌తో పాటే వచ్చే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో) ముందే ఉంటాయి. వాటికి "డ్రైవర్ చార్జీ" అని విడిగా అడిగితే ఇవ్వకండి.