సస్కాచెవాన్ ప్రెయిరీ పల్లెల్లో: బస, బతుకు, వ్యాపారం

కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రానికి దక్షిణాన, అమెరికా సరిహద్దు దగ్గర, వంద నూటయాభై మంది మాత్రమే ఉండే ఊళ్లు చాలా ఉన్నాయి. గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకి వెళ్లేవాళ్లు వీటి మీదుగానే వెళ్తారు. పెట్రోలు కొట్టించుకుని, కాఫీ తాగి, రెండు ఫొటోలు తీసుకుని బయల్దేరతారు. మేము మాత్రం కాస్త ఆగి చూడాల్సి వచ్చింది. టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉండే మా బావమరిది ఆన్‌లైన్‌లో ఇక్కడి ఒక మోటెల్ అమ్మకానికి ఉందని చూశాడు. "బావా, ఇక్కడ ఒక ఫ్లాట్ రేటుకి అక్కడ మొత్తం మోటెల్, పక్కన ఉండటానికి ఇల్లు కూడా ఇస్తున్నారు. మీరు రిజైనాలోనే ఉన్నారుగా, ఒకసారి చూసొద్దాం" అని ఫోన్ చేశాడు. ఆగస్టు చివర్లో అతనూ వచ్చాడు. మా ఆవిడ పులిహోర, చపాతీలు, కుక్కర్ సర్దింది. నలుగురం బయల్దేరాం, మా అబ్బాయితో కలిపి.

రాష్ట్ర రాజధాని రిజైనా నుంచి ట్రాన్స్ కెనడా హైవే మీద స్విఫ్ట్ కరెంట్ దాదాపు 245 కిలోమీటర్లు. అక్కడి నుంచి 4వ నంబరు హైవేలో దక్షిణంగా ఇంకో 120 కిలోమీటర్లు వెళ్తే వాల్ మరీ వస్తుంది. స్విఫ్ట్ కరెంట్ దాటాక ట్యాంకు సగం ఉంది కదా అని ధీమాగా వెళ్లకండి. కొన్ని ఊళ్లలో బంకు సాయంత్రానికే మూసేస్తారు, కొన్నింట్లో సభ్యుల కార్డు ఉంటేనే పంపు పనిచేస్తుంది. ఎదురొచ్చే ప్రతి ట్రక్కువాడూ స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్లెత్తి పలకరిస్తాడు. మా బావమరిది మొదట ఏదో హెచ్చరిక అనుకుని బండి స్లో చేశాడు.

దారిలో కనిపించే ఖాళీ కొట్లు చూస్తే ఈ ఊళ్లు ఎలా పుట్టాయో, ఎందుకు చిక్కిపోయాయో తెలుసుకోవాలనిపిస్తుంది. వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లకి ఇది తప్పనిసరి కూడా. 1872 నాటి చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుముతో 160 ఎకరాలు ఇచ్చి యూరప్ నుంచి, అమెరికా నుంచి జనాన్ని రప్పించారు. రైలు మార్గం వేసి, గుర్రపుబండిలో గోధుమలు వేసుకుని ఒక్క రోజులో వెళ్లి రాగలిగేలా ఎనిమిది పది మైళ్లకొక ఎలివేటర్ కట్టారు. ఎలివేటర్ అంటే ధాన్యం ఎత్తి నిలవచేసి రైలు పెట్టెల్లోకి వదిలే పొడవాటి చెక్క కట్టడం. దాని పక్కనే కొట్టు, పోస్టాఫీసు, హోటలు, బడి వచ్చాయి. 1930లలో కెనడా ప్రెయిరీల్లో, అంటే ఈ గడ్డి మైదానాల ప్రాంతంలో, ఇలాంటి ఎలివేటర్లు 5,700కి పైగా ఉండేవి. తర్వాత లారీలు వచ్చాయి, చిన్న రైలు మార్గాలు పీకేశారు. ధాన్యం రైలు రవాణాకి దశాబ్దాలుగా ఉన్న రాయితీ 1995లో ఆగిపోయింది. ఇప్పుడు రైతు పెద్ద లారీలో పంటని దూరంలో ఉన్న కాంక్రీటు టెర్మినల్‌కి తోలుకెళ్తాడు, తిరిగొచ్చేటప్పుడు నెల సరుకులు కూడా అక్కడే కొనుక్కొస్తాడు. సస్కాచెవాన్‌లో ఒక్కో కమతం సగటున 1,700 ఎకరాలకు పైనే. అంటే చుట్టుపక్కల భూమంతా సాగులోనే ఉంటుంది, ఇళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వ్యాపారానికి కావాల్సిన జనం ఇలా తగ్గిపోయారు. ఊరివాళ్లకి అభిమానం లేక కొట్లు మూతపడలేదు.

వాల్ మరీ మాకు బాగా నచ్చింది. ఫ్రెంచ్ మాట్లాడే కుటుంబాలు కాథలిక్ మతగురువుల వెంట వచ్చి కట్టుకున్న ఊరు. ఒకప్పటి ఇటుకల బడిలో ఇప్పుడు ప్రెయిరీ విండ్ అండ్ సిల్వర్ సేజ్ పేరుతో మ్యూజియం, చిత్రాల గ్యాలరీ, పుస్తకాల కొట్టు కలిపి నడుపుతున్నారు. ఒకప్పుడు సన్యాసినులు ఉన్న కాన్వెంటు బసగా మారింది. పాత చెక్క ఎలివేటర్‌ని ఊరివాళ్లే పట్టుబట్టి కాపాడుకుంటున్నారు. ఐస్ హాకీ తెలిసినవాళ్లకి పేరున్న ఆటగాడు బ్రయాన్ ట్రాటియే పుట్టిన ఊరని చెబితే చాలు. ఉన్నవి నాలుగు వీధులే అయినా కనిపించే ప్రతి భవనానికీ రెండో ఉపయోగం వెతికిపెట్టారు. ఒక ఊరు తన పాత ఆస్తిని ఇలా వాడుకోవడం చూసి నాకు నిజంగా గౌరవం కలిగింది.

పార్కు గురించి చెప్పకపోతే వాల్ మరీ సంగతి సగమే చెప్పినట్టు. 2005 డిసెంబరులో ఆల్బర్టాలోని ఎల్క్ ఐలాండ్ నుంచి 71 బైసన్‌లని (అడవి దున్నల్లాంటి జంతువులు) ఇక్కడికి తెచ్చారు. వందేళ్లకు పైగా బైసన్ అడుగుపెట్టని గడ్డి మైదానంలో ఇప్పుడు మందలు తిరుగుతున్నాయి. రోడ్డు పక్కన నల్లతోక ప్రెయిరీ డాగ్‌ల కాలనీలు ఉన్నాయి. పేరుకి డాగ్ కానీ ఇవి బొరియల్లో ఉండే ఉడత జాతి. కెనడాలో అవి సహజంగా బతికే చోటు ఇదొక్కటే. కారు ఆపితే చాలు, ఒకటి రెండు కాళ్ల మీద నిలబడి అరుస్తుంది, మిగతావన్నీ బొరియల్లోకి దూకుతాయి. మా అబ్బాయి గంటసేపు కదల్లేదు. 2009లో దీన్ని చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా గుర్తించారు. అమావాస్య దగ్గర్లో వెళ్తే పాలపుంత కోసం వెతకక్కర్లేదు. గడ్డిలో నడిచేటప్పుడు బూట్లు ఉండాలి, త్రాచుజాతి కాకపోయినా విషమున్న రాటిల్ స్నేక్‌లు ఉంటాయి. వాన పడితే మట్టి రోడ్డు ఎక్కనే ఎక్కొద్దు. ఇక్కడి బంకమట్టిని గంబో అంటారు. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పట్టేసి కారుని అక్కడే కూర్చోబెడుతుంది.

పార్కుకి వచ్చే ఈ జనమే వాల్ మరీకి ఆధారం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గది దొరకడం కష్టం, నెలల ముందే బుక్ చేసుకోవాలి. పార్కు లోపల ఫ్రెంచ్‌మన్ వ్యాలీ క్యాంపు స్థలంలో ఉండొచ్చు కానీ అక్కడ గాలి బలంగా వీస్తుంది, నీడ అసలు ఉండదు. చిన్న పిల్లలుంటే ఊళ్లో గది తీసుకోండి. మరి అక్టోబరు తర్వాత? మా బావమరిది అందరినీ అడిగిన ప్రశ్న ఇదే.

దానికి సరైన జవాబు దారిలో ఇంకో ఊళ్లో, ఒక కొట్టు నడిపే ఆవిడ దగ్గర దొరికింది. ఆ కొట్టులో పాలు, రొట్టెల పక్కనే ఫ్యాను బెల్టులు, పశువుల మందులు, పుట్టినరోజు కార్డులు ఉన్నాయి. గల్లాపెట్టె కింద ఖాతా పుస్తకం. పంట అమ్మాక తీర్చేవాళ్ల పేర్లు అందులో ఉన్నాయి, అచ్చం మా ఊరి శెట్టిగారి కొట్టులో లాగే. ఆవిడ పొద్దున స్కూలు బస్సు నడుపుతుంది, మధ్యాహ్నం కొట్టు తీస్తుంది, వారంలో కొన్ని పూటలు పోస్టాఫీసులో పని, చలికాలంలో ఐస్ రింకు దగ్గర క్యాంటీన్. భర్త ఊరి ఫైర్ దళంలో స్వచ్ఛందంగా చేస్తాడు, నీళ్ల ప్లాంటు చూసుకుంటాడు. "కొట్టు మీద వచ్చేదాంతో కరెంటు, గ్యాసు బిల్లులు గడుస్తాయి. మిగతా పనుల మీద మేం గడుస్తాం. కొట్టు మూస్తే ఊళ్లో ముసలివాళ్లకి పాల ప్యాకెట్ తెచ్చేవాళ్లుండరు" అంది. మోటెల్ సంగతి చెబితే వెంటనే అడిగింది: "మీ ఇద్దర్లో ప్లంబింగ్ ఎవరికొచ్చు?" మైనస్ 35లో పైపు పగిలితే స్విఫ్ట్ కరెంట్ నుంచి మనిషి వచ్చేసరికి నాలుగు గదులు పాడైపోతాయట.

పక్కనే బల్ల దగ్గర నలుగురైదుగురు పెద్దవాళ్లు కాఫీ తాగుతున్నారు. రోజూ అదే వేళకి, అవే కుర్చీలు. దీన్ని కాఫీ రో అంటారు. డబ్బులు ఎవరివ్వాలో డబ్బాలో పాచికలు వేసి తేలుస్తారు. మేం ఇండియా వాళ్లమని తెలియగానే ఒక రైతు మా వైపు తిరిగి, మీ ప్రభుత్వం ఈ ఏడు సుంకం ఏం చేస్తుందంటారు అని అడిగాడు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. 2017 నవంబరులో మన ప్రభుత్వం ఎండు బఠాణీల దిగుమతి మీద 50 శాతం, డిసెంబరులో శనగలు, మైసూరు పప్పు మీద 30 శాతం సుంకం వేసింది. ఆ ఏడాది నిండు గరిసెలతో ధర పడిపోయి కూర్చున్న రైతుల్లో ఆయనొకరు. మన వంటింట్లో మైసూరు పప్పులో చాలా భాగం ఈ నేల నుంచే వస్తుంది. 1970ల చివర్లో సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం ఇక్కడి వాతావరణానికి తగ్గ రకం విడుదల చేశాకే ఈ పంట ఇక్కడ పాతుకుపోయింది. ఢిల్లీలో ఒక సంతకం పడితే ఈ ఊళ్లో కొట్టు ఖాతా పుస్తకం నిండిపోతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

వెళ్లేటప్పుడు ఆయన ట్రక్కులోంచి ఐస్‌క్రీమ్ డబ్బా నిండా పొట్టు మైసూరు పప్పు తెచ్చిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆ రాత్రి మా ఆవిడ టమాటా వేసి, ఇంగువ పోపు పెట్టి వండింది. పొట్టుతో ఉంది కాబట్టి ఉడకడానికి టైం పట్టింది కానీ కొత్త పంట రుచే వేరు.

బసల్లో బాగా ఇబ్బంది పెట్టింది హైవే పక్కన ఒక మోటెల్. ఆన్‌లైన్‌లో బుక్ చేసి డబ్బు కట్టాం. వెళ్లేసరికి ఆఫీసుకి తాళం, తలుపు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చీకటి పడ్డాక ఒకతను వచ్చి తాళం ఇచ్చాడు. గదిలో సిగరెట్ వాసన, వేడినీళ్లు రాలేదు. డబ్బు వెనక్కి అడిగితే బుకింగ్ సైట్‌ని అడగమన్నారు, సైటు వాళ్లు మోటెల్‌ని అడగమన్నారు. యజమాని వేరే రాష్ట్రంలో ఉంటాడని తర్వాత తెలిసింది. ఈ ప్రాంతంలో గది తీసుకునేవాళ్లు సైటులో డబ్బు కట్టే ముందు నేరుగా ఫోన్ చేయండి. యజమాని ఊళ్లోనే ఉంటాడా అని అడగండి. ఉంటే బస బాగుంటుందని నా అనుభవం.

ఈస్టెండ్ ఇంకాస్త పెద్దది, ఐదారొందల మంది ఉంటారు. 1991లో ఇక్కడి బడి ప్రధానోపాధ్యాయుడు పరిశోధకులతో కలిసి తిరుగుతుండగా టైరనోసారస్ రెక్స్ (టీ రెక్స్) అనే డైనోసార్ ఎముకలు కనిపించాయి. స్కాటీ అని పేరు పెట్టారు. ఇప్పటిదాకా దొరికిన టీ రెక్స్‌లలో అతి భారీదని 2019లో పరిశోధకులు ప్రకటించారు. కొండ వాలులో కట్టిన డిస్కవరీ సెంటర్ పిల్లలున్నవాళ్లు తప్పకుండా చూడాలి. నాకు అంతకంటే నచ్చింది ఊరి కళాసమితి చేసిన పని. రచయిత వాలెస్ స్టెగ్నర్ చిన్నప్పుడు ఉన్న ఇంటిని కొని, బాగుచేసి, రాసుకునేవాళ్లకి, బొమ్మలు వేసేవాళ్లకి నెలల లెక్కన ఇస్తున్నారు. ఒక్క రాత్రి ఉండి పోయే యాత్రికుడి కంటే నెలరోజులుండే మనిషి కాఫీ ఇక్కడే తాగుతాడు, సరుకులు ఇక్కడే కొంటాడు. బసల వ్యాపారం చేసేవాళ్లు దీని నుంచి నేర్చుకోవాలి.

గ్రావెల్‌బర్గ్‌లో ఎక్కువసేపు ఆగలేదు. వెయ్యిమందున్న టౌనులో అంత పెద్ద కథీడ్రల్, గోడల నిండా అక్కడి ఫాదర్ పదేళ్లు కష్టపడి వేసిన చిత్రాలు, అది చూడ్డానికైనా వెళ్లొచ్చు. పిల్లలతో కాపురం పెట్టాలంటే మేం చూసినవాటిలో ఇదే నయం.

కాపురం అంటే ముందు ఆలోచించాల్సింది వైద్యం. ప్రభుత్వ వైద్యసేవకి ఉత్తర అమెరికాలో దారి చూపించింది ఈ నేలే. 1946లో స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో అందరికీ వైద్యం మొదలైంది, రాష్ట్రమంతటికీ వచ్చింది 1962లో. అలాంటి చోట ఇవాళ డాక్టరు కోసం గంటన్నర కారు నడపాలి. రాష్ట్ర ప్రభుత్వం నడిపిన ఎస్‌టీసీ బస్సులు 2017 మే 31తో ఆగిపోయాయి. కారు నడపలేని ముసలివాళ్లు పక్కింటివాళ్ల దయ మీద ఆధారపడుతున్నారు. బస్సులు ఆపే బదులు ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి వేరే దారులు వెతకాల్సింది అని నా గట్టి అభిప్రాయం.

బయటినుంచి వచ్చి ఈ ఊళ్లలో వ్యాపారం చేయడం కొత్త సంగతి కాదు. ఒకప్పుడు దాదాపు ప్రతి రైలు ఊళ్లోనూ చైనావాళ్ల కేఫ్ ఉండేది. చైనా నుంచి వచ్చే ఒక్కో మనిషి మీద వేసే తలపన్నుని 1903లో 500 డాలర్లకు పెంచారు, 1923 నుంచి 1947 దాకా రానివ్వడమే మానేశారు. భార్యాపిల్లలకి దూరంగా, ఒంటరిగా ఆ కేఫ్‌లు నడిపారు. ఇప్పుడు గుజరాతీలు, పంజాబీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు మోటెళ్లు, బంకులు నడుపుతున్నారు. వాళ్లకి కుటుంబం వెంట ఉంది, అదే పెద్ద తేడా. కొందరు ఏజెంట్లు పల్లెలో వ్యాపారం కొంటే పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తుందని ఇంకా చెబుతున్నారు, నమ్మొద్దు. వ్యాపారులకి వలస అవకాశం ఇచ్చే తన ఎంట్రప్రెన్యూర్ విభాగాన్ని సస్కాచెవాన్ 2025లో మూసేసింది.

మోటెల్ విషయానికొస్తే, చూశాం. కప్పు బాగానే ఉంది, బాయిలరు పాతది, పుస్తకాల్లో శీతాకాలం ఆదాయం దాదాపు సున్నా. బ్యాంకు అప్పుకి వెనకాడుతుందని, స్థానిక క్రెడిట్ యూనియన్‌ని, అంటే సభ్యుల సహకార బ్యాంకుని, అడగమని అమ్మే ఆయనే చెప్పాడు. మా ఆవిడ తమ్ముడితో ఒకటే అంది: "ఎండాకాలం చూసి కొనకు రా, జనవరిలో వచ్చి ఉండు." అమ్మే ఆయన దానికి ఒప్పుకున్నాడు. బాయిలరు నడపడం నేర్పిస్తానన్నాడు, గది ఉచితం. టికెట్టు కొన్నాం, ఈలోగా బావమరిది బ్రాంప్టన్‌లో సాయంత్రాలు ప్లంబింగ్ కోర్సుకి వెళ్తున్నాడు.