బాకీల వయసు చూపించే లెక్కల యాప్

కుట్టు సామగ్రి టోకుగా అమ్మే నాకు ఈ యాప్‌లో అన్నిటికంటే నచ్చింది బాకీల పట్టిక. ఎవరి బాకీ 30 రోజులు దాటింది, ఎవరిది 60, ఎవరిది 90 అని విడదీసి చూపిస్తుంది. అమ్మకాలు పెరిగే కొద్దీ చేతిలో డబ్బు ఎందుకు తగ్గుతుందో ఇక్కడే అర్థమవుతుంది. సరుకు తెచ్చిన చోట ముందే చెల్లించాలి, కొన్నవాళ్లు ఎప్పటికో ఇస్తారు. లాభం కాగితం మీద ఉంటుంది, జీతాల రోజున గల్లాపెట్టె ఖాళీ! రెండో దుకాణం తెరవాలనుకునేవారు ముందు ఈ పట్టిక తెరవాలి. నిలిచిపోయిన సరుకు జాబితా కూడా బాగుంది. ఊదారంగు జిప్పులు నెలల తరబడి అమ్ముడుపోలేదని అదే పట్టిచ్చింది. తిరిగొచ్చిన సరుకు నమోదు మాత్రం పెద్ద తలనొప్పి. పాత బిల్లు నంబరు వెతికి ఇవ్వనిదే ముందుకు సాగదు. అదొక్కటి సరిచేస్తే లెక్కలన్నీ ధైర్యంగా మా ఉద్యోగులకు అప్పగిస్తాను.