పాత బ్యాచ్ మిత్రులకు వాట్సాప్ గ్రూపు: ఒక వాడకందారు సమీక్ష

డెబ్బై దాటిన కాలేజీ సహాధ్యాయులను ఒక్కచోట చేర్చి ఉంచడానికి ఇవాళ మన దగ్గర వాట్సాప్ గ్రూపును మించిన సాధనం లేదు. అయితే చేర్చినంత సులువుగా వాళ్ల చేత మాట్లాడించడం మాత్రం దానికి చేతకాదు. అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఆఫీసు పనులకూ వాట్సాప్ ఎలా ఉపయోగపడుతుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఉద్యోగ విరమణ అయిపోయి, పిల్లలు దూరాన స్థిరపడి, ఒంట్లో ఏదో ఒక మరమ్మతు నడుస్తూనే ఉండే వయసులో పాత స్నేహాలు నిలుపుకోవడానికి అది ఎంతవరకు అక్కరకు వస్తుందన్నదే ఈ సమీక్షలో నేను పరిశీలించదలచిన విషయం.

మాది కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీ, 1970లో చేరిన బ్యాచ్. అప్పట్లో కోర్సు అయిదేళ్లు. మేము చదువుతుండగానే 1972లో జేఎన్‌టీయూ ఏర్పడి కాలేజీ అందులో కలిసింది. ఆ ఏడాది చివర ఊపందుకున్న జై ఆంధ్ర ఉద్యమంతో తరగతులు నెలల తరబడి ఆగిపోయాయి. బయటికి వచ్చాక కొందరు విద్యుత్ బోర్డులో, కొందరు నీటిపారుదల శాఖలో, మరికొందరు ప్రభుత్వ రంగ సంస్థల్లో కుదురుకోగా, ఇంకొందరు అమెరికా దారి పట్టారు. తర్వాత చాలా ఏళ్లపాటు మా మధ్య నడిచినవి ఇన్‌లాండ్ కవర్లు, పెళ్లి శుభలేఖలు, ఎప్పుడైనా ఎస్టీడీ బూతు నుంచి ఒక ఫోను. కంప్యూటర్లు అలవాటైన వాళ్లు యాహూ గ్రూప్స్‌లో కలుసుకున్నారు గానీ, ఈమెయిలు లేనివాళ్లు ఆ గుమ్మం దాటలేకపోయారు. యాహూ ఆ సేవను 2020 డిసెంబరులో పూర్తిగా మూసివేసింది.

వాట్సాప్ 2009లో మొదలైంది, 2014లో ఫేస్‌బుక్ చేతికి వెళ్లింది. మొదట్లో ఏడాదికి ఒక డాలరు రుసుము ఉండేది, 2016లో దాన్ని ఎత్తివేశారు. కానీ మా వయసు వాళ్లకు అది దగ్గర కావడానికి అసలు కారణం ఉచితం కావడం కాదని నా అభిప్రాయం. ఈమెయిలు అడగకుండా, పాస్‌వర్డు గుర్తుంచుకోమనకుండా, ఫోన్ నంబరునే చిరునామాగా తీసుకోవడం దాని గొప్పతనం. ఇంజనీరింగ్ చదివినవాళ్లమే అయినా పాస్‌వర్డు దగ్గర మాలో చాలామంది ఓడిపోయారు. ఒక మిత్రుడి నంబరు దొరికితే చాలు, అతని ద్వారా ఇంకో ఇద్దరి నంబర్లు, వాళ్ల ద్వారా మరో నలుగురివి దొరికాయి. గ్రూపులో 1,024 మంది వరకు చేరే వీలుంది. మాకు అందులో పదో వంతు కూడా అక్కరలేదు.

ఇక చెడగొట్టే సంగతి. సందేశం పంపడాన్ని ఎంత తేలిక చేస్తే అంత మంచిదన్న నమ్మకం మీద ఈ యాప్ తయారైంది. మా వంటి గ్రూపులకు తగిలే దెబ్బ సరిగ్గా అక్కడే ఉంది. సొంతంగా రెండు వాక్యాలు రాయాలంటే కళ్లద్దాలు వెతుక్కోవాలి, తెలుగు కీబోర్డుతో కుస్తీ పట్టాలి. ఎవరో పంపిన గులాబీ పువ్వు శుభోదయాన్ని ముందుకు తోయడానికి మాత్రం రెండు మూడు తాకుళ్లు చాలు. అందువల్ల సహజంగానే ఫార్వర్డులు పోటెత్తుతాయి. కాకరకాయ రసంతో మధుమేహం మాయమవుతుందనేవి, యునెస్కో మన జాతీయ గీతానికి ప్రథమ స్థానం ఇచ్చిందనేవి, ఎన్నికలు దగ్గరపడితే ఆ పార్టీవి, ఈ పార్టీవి. ఆ మధ్య ఒకడు బైపాస్ ఆపరేషన్ అయి ఇంటికి వచ్చానని రాసిన మాట మధ్యాహ్నానికల్లా నలభై బొమ్మల అడుగున పడిపోయింది. తన పరామర్శకు ఎవరూ రాలేదని అతను నొచ్చుకున్నాడు, అతను ఆస్పత్రిలో చేరిన సంగతే మిగతా వాళ్లకు తెలియలేదు.

కంపెనీ ఈ జబ్బును గుర్తించకపోలేదు. 2018 నుంచి ఫార్వర్డు సందేశం మీద ‘ఫార్వర్డ్’ అన్న గుర్తు కనబడుతోంది, ఆ ఏడాదే మన దేశంలో ఒకసారికి అయిదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేశారు. చాలా చేతులు మారిన సందేశానికి జంట బాణాల గుర్తు పెట్టి, 2020 ఏప్రిల్ నుంచి దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. అయితే ఇవన్నీ దేశం మొత్తంలో పుకార్ల వేగాన్ని తగ్గించడానికి పనికొచ్చేవే తప్ప ఒక చిన్న గ్రూపును కాపాడేవి కావు. సొంత మాటలను రానిచ్చి ఫార్వర్డులను మాత్రం ఆపే సదుపాయం అడ్మిన్ చేతికి ఇచ్చి ఉంటే ఈ సమీక్షలో సగం రాయనక్కరలేకపోయేది. ఉన్నది అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేసే ఏర్పాటు ఒక్కటే, అది మరీ మొరటు మందు. మేము చివరికి రెండు గ్రూపులు పెట్టుకున్నాం. ఒకదానిలో సొంత కబుర్లు, ఆరోగ్య సమాచారం మాత్రమే; రెండోదానికి ‘కాలక్షేపం’ అని పేరు పెట్టి బొమ్మలకూ, రాజకీయాలకూ వదిలేశాం. మొదటి గ్రూపులో ఫార్వర్డు పడితే అడ్మిన్ దాన్ని అందరికీ కనబడకుండా తీసివేయగలడు, 2022 నుంచి ఆ అధికారం ఉంది. తీసివేసిన మర్నాడు ఫోన్ చేసి బుజ్జగించడం మాత్రం అడ్మిన్ సొంత ఖర్చు.

అన్నిటికన్నా ఎక్కువ మార్కులు నేను వాయిస్ మెసేజ్‌కు వేస్తాను. మైకు బొమ్మను నొక్కి పట్టుకొని మాట్లాడి వదిలేస్తే మాట వెళ్లిపోతుంది. చెయ్యి వణికేవాళ్లు ఆ బొమ్మను ఒకసారి పైకి జరిపితే తాళం పడుతుంది, ఆ తర్వాత వేలు తీసేసి తాపీగా మాట్లాడుకోవచ్చు. ఈ చిన్న కిటుకు తెలియక ఎంతోమంది సగం మాటలే పంపుతుంటారు. అమలాపురం దగ్గర ఉండే మా మిత్రుడికి పక్షవాతం తర్వాత కుడి చేయి సరిగా పని చేయడం లేదు. టైపు చేయడం మానేసి గ్రూపు నుంచి దాదాపు మాయమైపోయినవాడు, మనవరాలు ఈ తాళం సంగతి నేర్పాక రోజూ ఎవరో ఒకరిని పలకరిస్తున్నాడు. ‘ఏరా, ఉన్నావా, టపా కట్టేశావా?’ అని మొదలుపెట్టి, మాట మధ్యలో తడబడినప్పుడు ఆగి, దగ్గి, మళ్లీ అందుకొని, కాలువకు నీళ్లు ఎప్పుడు వదిలారో, కొబ్బరి ధర ఎంత పలికిందో చెప్పి ముగిస్తాడు. వెనక నుంచి ప్రెషర్ కుక్కర్ ఈల, ‘ఇక చాల్లెండి’ అనే వాళ్లావిడ గొంతు. ఇదే సంగతి అక్షరాల్లో వచ్చి ఉంటే మూడు పొడి వాక్యాలయ్యేది. వేగం ఒకటిన్నర రెట్లకో రెండు రెట్లకో పెంచుకొని వినే వీలు కూడా ఉంది గానీ, స్నేహితుడి గొంతును అలా తొందరపెట్టడం నాకు నచ్చదు.

వినికిడి తగ్గినవాళ్లకు ఈ దారి పనికిరాదు, వాళ్లకు అక్షరాలే కావాలి. అక్కడ పనికొచ్చేది కీబోర్డు మీద ఉండే మరో మైకు: తెలుగు కీబోర్డు పెట్టుకొని దాన్ని నొక్కి మాట్లాడితే మాటలు తెలుగు లిపిలో పడతాయి. రెండు మైకులూ తెర మీద దగ్గర దగ్గరగా ఉండటంతో ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కడం మామూలే. పెద్దవాళ్లకు ఫోన్ నేర్పే పిల్లలు మొదటి రోజే ఈ తేడా చూపించాలి.

ఎవరూ పెద్దగా చెప్పుకోని మరో గుణం గ్రూపు సందేశాల టిక్కులది. పంపిన సందేశాన్ని నొక్కి పట్టుకొని దాని సమాచారం తెరిస్తే, ఎవరికి చేరిందో, ఎవరు చదివారో పేర్లతో సహా కనబడుతుంది. మామూలు సంభాషణల్లో నీలి టిక్కులు ఆపేసుకున్నవాళ్లు కూడా గ్రూపులో మాత్రం తప్పించుకోలేరు. గోప్యత కోరుకునేవారికి ఇది లోపం. పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఫ్లాటులో బతికే మిత్రులున్న గ్రూపుకు ఇది హాజరుపట్టీ. మా అడ్మిన్ ఉదయం ఒక పలకరింపు పెట్టి సాయంత్రం ఆ జాబితా చూస్తాడు. రెండు రోజులుగా ఎవరి పేరైనా ‘చేరింది’ అన్న వరుసలోకి కూడా రాకపోతే ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే అదే ఊళ్లో ఉన్న ఇంకొకరిని తలుపు తట్టి రమ్మంటాడు. చాలాసార్లు చార్జింగు లేకపోవడమో, రీచార్జి అయిపోవడమో తేలుతుంది. వెళ్లినవాడికి కాఫీ దక్కుతుంది.

గ్రూపు కాల్‌లో ఒకేసారి 32 మంది కలవవచ్చు. జూమ్ ఉచిత వాడకం 40 నిమిషాలకే తెగిపోతుంది, గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకు మించి ఉంటే గంట. వాట్సాప్‌లో అలాంటి గడువు లేదు గనుక కబుర్ల రాయుళ్లకు ఇదే మేలు. పేచీ అంతా వేళల దగ్గర వస్తుంది. ఇక్కడ ఆదివారం రాత్రి ఏడున్నర అంటే న్యూజెర్సీలో వేసవిలో ఉదయం పది, కాలిఫోర్నియాలో ఏడు. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పుకున్నాక తొమ్మిది, ఆరు అవుతాయి. ఎనిమిది మంది దాటితే ఎవరు మాట్లాడుతున్నారో తెలియని గోల మొదలవుతుంది. అయిదారుగురితో పెట్టుకున్న కాల్‌లోనే నిజంగా సంభాషణ జరుగుతుందని నా పరిశీలన.

నిల్వ విషయంలో ఒక హెచ్చరిక. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్, అంటే మన మాటలకూ ఫొటోలకూ దాచిపెట్టే నకలు, 2024 నుంచి గూగుల్ ఖాతాలోని 15 జీబీ ఉచిత చోటు లెక్కలోకే వస్తోంది. శుభోదయం వీడియోలు ఆ చోటును నింపేస్తే బ్యాకప్ ఆగిపోతుంది, చాలామందికి ఆ సంగతి ఫోన్ మార్చే రోజు దాకా తెలియదు. కొత్త ఫోన్ కొన్నప్పుడు దుకాణం కుర్రాడు హడావుడిగా పాతదాన్ని తుడిచేసి ఇవ్వడంతో మా వాడొకడి దగ్గరున్న హాస్టలు రోజుల ఫొటోల స్కాన్లన్నీ పోయాయి. సెట్టింగుల్లో ఫొటోలు, వీడియోలు వాటంతటవి దిగకుండా ఆపుకోవడం, నిల్వ నిర్వహణలోకి వెళ్లి ఎక్కువసార్లు ఫార్వర్డు అయినవాటిని, 5 ఎంబీ దాటినవాటిని ఏరి తీసివేయడం నెలకొకసారి చేయవలసిన పనులు. అపురూపమైన ఫొటోలను వాట్సాప్‌కు అప్పగించి నిశ్చింతగా ఉండటం ఎంతమాత్రం తగదు.

చావు కబురును మోయడంలో ఈ సాధనం ఎంత అనువైనదో అంత అనాగరికమైనది. కబురు క్షణాల్లో అందుతుంది, దగ్గర్లో ఉన్నవాళ్లు అంత్యక్రియలకు చేరుకోగలుగుతారు. ఇన్‌లాండ్ కవర్ల రోజుల్లో పెద్ద కర్మ కూడా అయిపోయాక తెలిసేది. కానీ ఆ కబురు కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు, ‘ఓం శాంతి’లు, ఇంకా విషయం చదవని ఒకరి పుట్టినరోజు కేకు, మళ్లీ ‘ఓం శాంతి’లు. పోయినవాడి గురించి ఒక జ్ఞాపకం రాసేవారు ముగ్గురో నలుగురో. కొన్నాళ్లకు ఇంకో చిక్కు ఎదురవుతుంది. 120 రోజులు వాడకుండా ఉన్న ఖాతాను వాట్సాప్ సాధారణంగా తొలగిస్తుంది, ఫోన్ కంపెనీ కొంతకాలం ఆగి ఆ నంబరును వేరొకరికి ఇస్తుంది. అప్పుడు మన ఫోన్‌లో అదే మిత్రుడి పేరు కింద, చల్లద్దాలు పెట్టుకున్న ఎవరో కుర్రాడి ఫొటో ప్రత్యక్షమవుతుంది. అతన్ని గ్రూపులోకి పొరపాటున చేర్చకుండా, దాచుకోవలసిన పాత మాటలను ముందే వేరుగా భద్రపరచుకొని నంబరు తీసివేయడం మంచిది. పోయినవారి భార్యనో భర్తనో, వారికి ఇష్టమైతే, వారి సొంత నంబరుతో గ్రూపులో ఉంచుకోవడం మా ఆనవాయితీ. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మాకన్నా చురుకుగా రాస్తున్నారు.

మోసగాళ్లకు కూడా ఇలాంటి గ్రూపులు అనువైన చోటే. ఒకరి ఫోన్‌కు వాట్సాప్ నుంచి వచ్చే ఆరంకెల కోడ్‌ను మాయమాటలతో రాబట్టి, ఆ ఖాతాను స్వాధీనం చేసుకొని, ‘అర్జెంటుగా ఆస్పత్రిలో ఉన్నాను, డబ్బు పంపు’ అని స్నేహితులందరికీ రాస్తారు. రెండంచెల ధ్రువీకరణ పిన్ పెట్టుకోవడం ప్రతి సభ్యుడూ చేయవలసిన పని. డబ్బు అడిగితే ఫోన్ చేసి గొంతు వినకుండా పైసా పంపరాదు. ఒకవేళ పంపేస్తే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

టెలిగ్రాం పెద్ద ఫైళ్లకు మెరుగైనదే, నంబరు కనబడకుండా దాచుకునే వీలు కూడా ఇస్తుంది. కానీ మా వాళ్లలో సగం మంది అందులో లేరు, ఈ వయసులో రెండో యాప్ నేర్చుకోమంటే చాలామంది వినరు. అందుకే అయిదుకు మూడున్నర మార్కులిచ్చి వాట్సాప్‌తోనే సర్దుకుంటున్నాను. వాయిస్ మెసేజ్ లేకపోతే రెండున్నర దాటేది కాదు.

కలయికల ఏర్పాటుకు పోల్ సదుపాయం బాగానే పనికొస్తుంది, అందులో 12 దాకా ఎంపికలు పెట్టవచ్చు. కాకినాడా, అన్నవరమా, జనవరా, ఫిబ్రవరా అని అడిగితే సాయంత్రానికి లెక్క తేలుతుంది. వస్తామని నొక్కినవాళ్లలో ఎందరు గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు నిజంగా టిక్కెట్టు తీసుకుంటారన్నది మాత్రం అడ్మిన్ ఇంటింటికీ ఫోన్ చేసి తేల్చుకోవలసిందే. ఈసారి గదులకు అడ్వాన్సు కట్టే ముందు మావాడు ఆ పనే చేస్తున్నాడు.