కర్టెన్ తీస్తే గోడ: సైగాన్ రొయ్యల సదస్సుకి వెళ్లొచ్చాం

రొయ్యల సాగు మీద వియత్నాంలోని సైగాన్‌లో (హో చి మిన్ సిటీ అన్నా అదే) సదస్సంటే మేత డీలరు పాసులు మాత్రం ఇప్పించాడు, మిగతా ఖర్చంతా మనదే. భీమవరం నుంచి నేనూ మా బావా బయల్దేరాం. బావ చెరువు వదిలి రెండు రోజులుంటే ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్లు) ఆగిపోయినట్టు కలలొస్తాయి, కాబట్టి ఆ నాలుగు రోజులూ మూడ్ ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

వీసా సంగతి ముందు చెప్తా. ఒకసారి వెళ్లొచ్చే ఈ-వీసాకి 25 డాలర్లు. ప్రభుత్వ సైటు పేరు చివర గవ్ డాట్ వీఎన్ అని ఉంటుంది, అది చూసుకోండి, వెతగ్గానే పైన వచ్చేవి చాలావరకు ఏజెంట్లవి, మా బ్యాచ్‌లో ఒకాయన అలాగే 70 డాలర్లు వదిలించుకున్నాడు. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టాలి, ఏ ఎయిర్‌పోర్టులో దిగుతారో కూడా అందులోనే చెప్పాలి. రెండు ప్రింట్లు దగ్గర పెట్టుకోండి. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లాం, దారిలో చెప్పుకోడానికేం లేదు, బావ పడుకున్నాడు.

అసలు మంట హోటల్ దగ్గరండి. సదస్సు డిస్ట్రిక్ట్ 7 అని పిలిచే ఏరియాలో ఉన్న ఎగ్జిబిషన్ సెంటర్లో. యాప్‌లో ‘హాలుకి 800 మీటర్లు, స్టాండర్డ్ డబుల్’ అని రాత్రికి 6,50,000 డాంగులు చూపించాడు. సున్నాలు చూసి కంగారు పడకండి, వెయ్యి డాంగులంటే మన మూడు రూపాయల పైచిలుకు, అంటే గది రెండు వేల పైన. లోపలికెళ్తే నేల దాకా వేలాడుతూ మంచి క్రీం కలర్ కర్టెన్. బావ కాస్త గాలొస్తుందని దాన్ని లాగాడు. వెనక గోడ. కిటికీ మూసేసిన గోడ కూడా కాదు, మామూలు తెల్ల గోడ, దాని మీద కర్టెన్ రాడ్డు. రెండో వైపుదీ లాగాడు, అక్కడా గోడే.

‘ఏంటిది, మన కోళ్లగూటికైనా కన్నాలుంటాయి కదా’ అన్నాడు బావ.

కిందకెళ్లి అడిగితే రిసెప్షన్ అమ్మాయి నవ్వుతూ ఫోన్లో అనువాదం చేసి చూపించింది, స్టాండర్డ్ అంటే కిటికీ లేని గదేనట. కిటికీ కావాలంటే రాత్రికి ఇంకో 2,00,000. మూడు రాత్రులకి 6,00,000 కట్టాం, అంటే సుమారు రెండు వేల రూపాయలు గాలికే. తీరా ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ ఏసీల వెనక భాగాలు, వేడి గాలి మొహాన కొడుతోంది. ఆ ఊళ్లో సన్నగా పొడుగ్గా కట్టే బిల్డింగుల్లో చవక గదులకి కిటికీ లేకపోవడం మామూలే. బుక్ చేసేటప్పుడు విండో అని రాసుందో లేదో చూడండి, ఫొటోలో కర్టెన్ని నమ్మొద్దు. 800 మీటర్లు కూడా పిట్ట ఎగిరితేనే, మధ్యలో పెద్ద రోడ్డుంది, చుట్టూ తిరిగి నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు.

గ్రాబ్ యాప్ (మన ఓలా లాంటిది) ఇంటి దగ్గరే ఓటీపీ పెట్టి సిద్ధం చేసుకోండి, అక్కడ దిగాక మన సిమ్ముకి ఓటీపీ రాకపోతే టాక్సీ సార్ అంటూ వచ్చేవాడే గతి. ఎయిర్‌పోర్టు నుంచి మాకు 1,70,000 అయింది, వెనక ఫ్లైట్లో వచ్చినోళ్లు 5,00,000 ఇచ్చుకున్నారు.

సదస్సు బాగానే జరిగింది. ఏసీ మాత్రం ఐస్ ప్లాంటులా ఉంది, స్వెటర్ తీసుకెళ్లండి. కార్డు ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతో, అక్కడ మర్యాద అది. అనువాదం వినిపించే హెడ్‌ఫోన్లు పొద్దున్నే అయిపోతాయి, టీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తిండి సంగతికొస్తే, కూరగాయల్లో కూడా చేపల సాస్ పోస్తారు. పడనివాళ్లు చాయ్ అని బోర్డున్న చోటికెళ్లాలి, అంటే శాకాహారం. బావ టీ కొట్టనుకుని దూరాడు. కానీ మూడో రోజు రోడ్డు పక్కన కొమ్ తామ్ తిన్నామండి, ప్లేటు 60,000. చూస్తే నూకలన్నం! మనం కోళ్లకేసే నూకలే, పొడిపొడిగా వండి, పైన కాల్చిన మాంసం, ఉల్లికాడల నూనె, పక్కన తియ్యటి పులుపు నీళ్లు. మామూలుగా పంది మాంసం వేస్తారు, మేం చేత్తో రెక్కలాడించి చూపించి కోడి వేయించుకున్నాం. బావ రెండు ప్లేట్లు లాగించాడు, భీమవరం వదిలాక నవ్వడం అదే మొదలు.

మెకాంగ్ డెల్టాలో ఉన్న బెన్ ట్రే టూరుకి మాత్రం మనిషికి 5,50,000 దండగ. కొబ్బరి చెట్లు, కాలవలు, పడవ. ‘దీనికి మన కోనసీమలో దిండి వెళ్తే పోలా’ అని బావ పడవ దిగేదాకా సణుగుతూనే ఉన్నాడు.

అక్కడే ఒకావిడ దగ్గర బొండాం తాగి 20,000 ఇవ్వాల్సింది బావ 5,00,000 నోటిచ్చాడు. రెండూ నీలం ప్లాస్టిక్ నోట్లే, రెండిటి మీదా హో చి మిన్ బొమ్మే. మేం చూసుకోలేదు, ఆవిడే వెనకాల పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టి, కత్తి పట్టుకునే మమ్మల్ని కేకలేసింది. నోటు వెనక్కి తిప్పితే ఇరవై వేల దాని మీద వంతెన ఉంటుంది, అయిదు లక్షల దాని మీద ఇల్లు. నా దగ్గర వంతెన నోట్లు రెండు మిగిలాయి, తర్వాత వెళ్లేవాళ్లెవరైనా ఉంటే పట్టుకెళ్లండి, బొండాలకి పనికొస్తాయి.