పోర్చుగీసు కోసం ఫెలోషిప్: పోర్చుగల్ మేలా, బ్రెజిల్ మేలా?

పోర్చుగీసు భాష నేర్చుకోవడానికి ఫెలోషిప్ వచ్చింది, దేశం మీరే ఎంచుకోండి అన్నారు. చాలామంది యూరప్ కదా అని ఇంకేం ఆలోచించకుండా పోర్చుగల్‌కి టిక్ పెట్టేస్తారు. నన్నడిగితే ముందు మీ చెవి సంగతి చూసుకోండి.

టెలిఫోన్ అనే మాటే తీసుకోండి. బ్రెజిల్‌లో 'తెలెఫోని' అని అచ్చులన్నీ నిండుగా పలుకుతారు, దాదాపు ప్రతి మాటనీ అచ్చుతో ముగించే మన నాలుకకి అది చుట్టాలింటి భాషలా ఉంటుంది. అదే పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 'త్ల్‌ఫోన్' అయిపోతుంది. అచ్చుల్ని అలా మింగేస్తుంటే, పుస్తకంలో గడగడా చదివేసిన వాక్యమే ఎదుటి మనిషి నోటి నుంచి వచ్చినప్పుడు ఒక్క ముక్క అర్థం కాదు, మొదట్లో నిజంగా టెన్షనే. కాకపోతే ఆ కష్టం ఊరికే పోదు. లిస్బన్ మాట పట్టుకున్న చెవికి బ్రెజిల్ మాట తేలిక, అటునుంచి ఇటు వచ్చేవాళ్లకే తిప్పలు.

పోర్చుగల్‌తో అసలు పేచీ ఇంగ్లీషు. లిస్బన్‌లో ఏ కెఫేకో వెళ్లి, ధైర్యం కూడదీసుకుని 'ఊమ బీక' అని అడుగుతారు, అక్కడ చిన్న కప్పు కాఫీని బీక అనే అంటారు. మీ యాస వినగానే కౌంటర్ వెనకాయన ఇంగ్లీషులోకి దిగిపోతాడు. పాపం మర్యాదకే, కానీ మీరు వచ్చిన పని చెడింది. బేలో హొరిజోంచి లాంటి బ్రెజిల్ నగరంలో ఆ వెసులుబాటు తక్కువ, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియాలన్నా పోర్చుగీసే గతి.

సర్టిఫికెట్ కావాలంటే లెక్క వేరు. విదేశీయుల పోర్చుగీసు ఏపాటిదో తేల్చడానికి లిస్బన్ విశ్వవిద్యాలయం నడిపే కాప్లె పరీక్షలు స్థాయికొకటి, ఏది రాయాలో ముందే తేల్చుకోవాలి. బ్రెజిల్ వాళ్ల సెల్పి-బ్రాస్ 1998 నుంచి ఉంది, అందరికీ ఒకటే పరీక్ష, మార్కుల్ని బట్టి స్థాయి ఇస్తారు. అందులో వ్యాకరణానికి విడిగా ప్రశ్నలుండవు. వీడియో చూసి, ఆడియో విని, దాన్నిబట్టి ఉత్తరమో వ్యాసమో రాయాలి, ఆపైన ముఖాముఖి. మాట్లాడే అలవాటున్నవాళ్లకి ఇదే నయం.

రెండు నెలల ఫెలోషిప్ అయితే నేను బ్రెజిల్‌కే ఓటేస్తాను, అంత కొద్ది వ్యవధిలో చెవి అలవాటు కావడానికే సగం రోజులు పోగొట్టుకోవడం దండగ. ఏడాది చేతిలో ఉంటే మాత్రం పోర్చుగల్‌లోని కోయింబ్రా. 1290 నాటి విశ్వవిద్యాలయం, విదేశీయుల కోసమే భాషా కోర్సు, పైగా లిస్బన్ కంటే చాలా చిన్న ఊరు. క్లాసులు సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి, బ్రెజిల్‌లో ఫిబ్రవరి, మార్చిల్లో. తేదీలు చూసుకుని దరఖాస్తు పెట్టండి.

అన్నట్టు, పోర్చుగల్‌లో 'ప్రొపీనా' అంటే కాలేజీ ఫీజు, బ్రెజిల్‌లో లంచం. కోయింబ్రాలో నేర్చుకున్న అలవాటుతో బ్రెజిల్ యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లి, ప్రొపీనా ఎక్కడ కట్టాలండీ అని మాత్రం అడక్కండి.